కళ్ళజోడు దాచే హక్కు

ఓయ్, కళ్ళజోడు బాబూ! నిన్నే. ముక్కు మీదికి జారిన అద్దాల్ని చూపుడువేలితో పైకి తోసుకుంటూ ఇది చదువుతున్నావు చూడు, నీతోనే మాట్లాడుతున్నా. ముందు వాటిని తీసి చొక్కా అంచుతో తుడుచుకో. పొద్దున తిన్న గుడ్డు చపాతీ నూనె ఇంకా ఎడమ అద్దం మీదే ఉంది. తుడిచావా? ఇప్పుడు విను.

నువ్వు అదృష్టవంతుడివి!

కళ్ళజోడంత గొప్ప వరం మనిషికి ఇంకోటి లేదని బల్లగుద్ది చెబుతా. కంటి మీద పొర లేపి, లోపల లేజర్ కిరణంతో చెక్కి, మళ్ళీ పొర మూసేసి, "ఇక నీకు కళ్ళజోడు అక్కర్లేదు, పో" అనే డాక్టర్లున్నారే, వాళ్ళు లోకానికి చేస్తున్న అన్యాయం ఇంతా అంతా కాదు. నేను చదివింది ఏడో తరగతి. అందులోనూ సగం రోజులు మాస్టారి కుర్చీకి జిగురు పూసినందుకు గది బయటే నిలబడ్డా. అయినా ఈమాత్రం ఆలోచన నాకుంది.

కళ్ళజోడు లేనివాడికి తప్పించుకునే దారేది, చెప్పు? చర్చిలో ఫాదర్ పుస్తకం చేతికిచ్చి ఓ పేజీ చదవమంటాడు. కళ్ళజోడున్నవాడు జేబులు తడుముకుని ఇంట్లో మర్చిపోయానంటాడు, హాయిగా కూర్చుంటాడు. నాకా వీలు లేదే! నావి గద్ద కళ్ళు. అందుకని నేను లేచి నిలబడి, "చదువు తక్కువ ఫాదర్" అని చెప్పుకోవాల్సొస్తోంది. పదేళ్ళ నించీ ఇదే మాట చెబుతున్నా. అంతకు ముందు బాగానే చదివేవాణ్ణి. చదువు కూడా వయసుతో పాటు తగ్గుతుందనుకుంటా!

అత్తారింటికి వెళ్తావు. అరిటాకులో చుట్టి ఉడికించిన పచ్చరటి ముద్ద, మటోకె మూట విప్పుతారు. ఆవిరి గుప్పున లేచి నీ అద్దాలు తెల్లబడిపోతాయి. ఆ రెండు నిమిషాలూ నువ్వు గిన్నెలోంచి ఏ ముక్క తీసుకున్నా ఎవరూ ఏమీ అనలేరు. పాపం, కనబడట్లేదు కదా అల్లుడికి! అదే బస్టాండులో గొడవైందనుకో. కళ్ళజోడు తీసి, మడిచి, డబ్బాలో పెట్టి, డబ్బా జేబులో పెట్టేసరికి ఇద్దరికీ కోపం చల్లారిపోతుంది. లోకంలో అందరికీ తలో కళ్ళజోడు తగిలిస్తే యుద్ధాలే ఉండవు!

కానీ అసలు లాభం పెట్టుకున్నవాడికి కాదు. వాడి పక్కనున్నవాడికి. అంటే నాకు.

మా చెల్లి కొడుకు జూకో ఉన్నాడు. పశువుల డాక్టరు. మసాకా చుట్టుపక్కల ఏ ఆవు ఈనాలన్నా వీడి మోటారు సైకిలు చప్పుడు వినబడాల్సిందే. ఎనిమిదో ఏట వీడి ముక్కు మీదికి కళ్ళజోడెక్కింది. సోడాసీసా అడుగు ఉంటుంది చూడు, అంత మందం. తీస్తే ఆవుకీ ఆవు యజమానికీ తేడా తెలీదు. ఎక్కిన రోజు నించీ దాన్ని దాచడం నా పని. ఇరవై ఒక్క ఏళ్ళు! ఉప్పు డబ్బాలో దాచా. అరటిగెలలో దాచా. ఓసారి పొదుగుతున్న కోడి కింద పెడితే మూడు రోజులు అది మా ఎవ్వర్నీ దగ్గరికి రానివ్వలేదు, పిల్ల బయటికొచ్చేదాకా కదిలేది లేదని భీష్మించింది. జూకో గోడలు తడుముకుంటూ, గుమ్మాలు గుద్దుకుంటూ, "మావయ్యా, ఇచ్చెయ్యి" అని తిరుగుతుంటే నేను వరండాలో కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకుంటూ ఒకే మాట అనేవాణ్ణి.

"గాలికి పోయుంటాయిరా."

దీన్ని మించిన సుఖం ఏ రాజుకైనా ఉందా?

అలాంటిది, మొన్న పొడివాన కాలం మొదట్లో... అదే, ఎండా వానా రెండూ తేల్చుకోలేక దుమ్ము మాత్రం లేచే రోజుల్లో, వీడొచ్చి లేజర్ చేయించుకుంటానన్నాడు. నా చేతిలో వేరుశనక్కాయ కింద పడింది.

ఎందుకురా అంటే చాలా చెప్పాడు. బండి మీద దుమ్ము. వానొస్తే అద్దాల మీద ధారలు. ఆ ముందు వారమే ఓ ఆవు చూలుదో కాదో చూద్దామని భుజం దాకా చెయ్యి పెట్టి వొంగాడట, కళ్ళజోడు జారింది, ఆవు అదే సమయానికి తోకెత్తింది. ఆ తర్వాత సంగతి అన్నం తినేవాళ్ళు చదివే చోట రాయకూడదు. ఇవన్నీ విని నేను పొట్ట పట్టుకుని నవ్వా. నవ్వు ఆగేదాకా వాడు ఓపిగ్గా కూర్చుని, చివర్న నెమ్మదిగా అసలు మాట అన్నాడు.

"వచ్చే నెల నలుబేగా వాళ్ళింటికి వెళ్తున్నాం కదా మావయ్యా. ఆ రోజు తను ఇంట్లోంచి నడిచొస్తుంటే నేను చూడాలి. నువ్వు నా కళ్ళజోడు దాచినా సరే, చూడాలి."

నలుబేగా అంటే వీడు చేసుకోబోయే పిల్ల. నేను ఆ మాట వినబడనట్టే కూర్చున్నా. పెద్దవాళ్ళకి అప్పుడప్పుడు చెవులు కూడా సరిగ్గా పనిచెయ్యవు.

సరే, కంపాలాలో కంటి ఆసుపత్రికి తోడు రమ్మన్నాడు. వెళ్ళా. ఎలాగైనా చెడగొట్టాలని వెళ్ళా, అందులో దాపరికం ఏముంది! అక్కడ వీడి గడ్డాన్ని ఓ యంత్రం మీద ఆనించి, కంట్లోకి ఉఫ్‌మని గాలి ఊదారు. ఇంకో యంత్రంతో నల్లగుడ్డు మీది పొర మందం కొలిచారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక మాత్రం పెద్దది. పొర మందంగానే ఉంది, నాలుగేళ్ళ నించీ పవర్ మారలేదు, చేయొచ్చు అంది. అక్కడితో ఆపలేదు. కొన్నాళ్ళు కళ్ళు పొడిబారొచ్చు, చీకట్లో దీపాల చుట్టూ వలయాలు కనబడొచ్చు, ఒకళ్ళిద్దరికి మళ్ళీ చెయ్యాల్సి రావొచ్చు, నలభై దాటాక దగ్గరి చూపుకి ఎలాగూ కళ్ళజోడు కావాలి, అన్నీ ఆలోచించుకుని రండి, తొందరేం లేదు అంది.

నేను ఎగిరి గంతేశా! నలభై దాటాక మళ్ళీ కళ్ళజోడేనంటగదా, ఈ పదకొండేళ్ళ ముచ్చటకి కంటి పొర ఎందుకు లేపించుకోవడం అన్నా. డాక్టరమ్మ నా వంక తిరిగింది.

"నలభై దాటిన అందరికీ అంతే పెద్దాయనా. మీకెలా ఉంది?"

"నాకా? గద్ద కళ్ళమ్మా నావి."

ఆవిడ ఓ అట్ట చేతికిచ్చి చివరి వరస చదవమంది. నేను దాన్ని దగ్గరికి తెచ్చా, దూరం పెట్టా, చెయ్యి ఇంకాస్త పొడుగుంటే బావుండుననుకున్నా. ఆఖరికి చదువు తక్కువని చెప్పి అట్ట తిరిగిచ్చేశా. సరే, గోడ మీది బోర్డు చూడమంది. బోర్డులన్నీ చదువుకున్నవాళ్ళ కోసం పెట్టినవి, నాకెందుకన్నా. డాక్టరమ్మా జూకో మొహమొహాలు చూసుకున్నారు. నా తెలివికి బిత్తరపోయారనుకున్నా.

ఇక ఆ రోజు నించి నేను చేసిన ప్రచారం చూస్తే ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళు సిగ్గుపడాలి! ఆ కిరణం కాస్త పక్కకి జరిగితే చెవికి చిల్లు పడుతుందని మా చెల్లికి చెప్పా. ఆమె రెండు రోజులు అన్నం మానేసింది. ఆపరేషన్ అయినవాడికి గోడల్లోంచి కనబడుతుందట, ఆడవాళ్ళు జాగ్రత్త అని నీళ్ళ పంపు దగ్గర చెప్పా. బాడుగకి మోటారు సైకిలు మీద మనుషుల్ని తిప్పే బోడా బళ్ళవాళ్ళకి ఇంకో కథ. ఆపరేషన్ అయ్యాక మనిషికి ఏడుపు రాదంట, రేపు అత్తగారు పోతే వీడి గతేంటి? ఎంత పెద్ద సమస్యో ఆలోచించావా?

మూడో రోజు సాయంత్రం జూకో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నువ్వు చెప్పినట్టే కానీ మావయ్యా" అన్నాడు. అంతే! ఇరవై ఒక్క ఏళ్ళ నా హక్కు నిలబడింది. వాడు మర్నాడే పశువుల టీకాల గురించి ఏదో శిక్షణ ఉందని కంపాలా వెళ్ళి వారం ఉండి వచ్చాడు. వచ్చేటప్పుడు కొత్త కళ్ళజోడుతో వచ్చాడు. అద్దాలు పల్చగా ఉన్నాయేంట్రా అంటే ఇప్పుడు కొత్త రకం వస్తున్నాయన్నాడు. మాటిమాటికీ కళ్ళల్లో చుక్కలేసుకుంటుంటే ఏంట్రా అంటే దుమ్మన్నాడు. నిజమే, మసాకా దారి దుమ్ము నీకు తెలీదు.

నేను యథాప్రకారం దాచడం మొదలెట్టా. కానీ నిజం చెప్పాలి, ఈసారి వాడి గుడ్డితనం బాగా ముదిరింది. తడుముకుంటూ వచ్చి సరిగ్గా నా కొత్త టోపీ మీదే కూర్చున్నాడు. "అయ్యో, కనబడలేదు మావయ్యా." ఇంకో రోజు వేడి టీ నా ఒళ్ళో పోశాడు. "కనబడలేదు మావయ్యా." అరిటాకులో కోడికూర చుట్టి లువొంబో వండిన రోజు, ఆకు మూట విప్పగానే గాల్లో గాలిస్తూ గాలిస్తూ నా పళ్ళెంలోంచి కోడి తొడ ముక్క ఎత్తుకున్నాడు. పక్కనే ఉన్న మెడ ముక్క వాడి చేతికి ఒక్కసారీ తగల్లేదు. గుడ్డివాడికి దేవుడు చేతుల్లో కళ్ళు పెడతాడు కాబోలు అనుకుని జాలిపడ్డా. జాలి నా పెద్ద బలహీనత!

ఇక ఆ రోజు రానే వచ్చింది.

మా పద్ధతి చెబుతా విను. అబ్బాయి తరఫు మగవాళ్ళం అందరం ఒకే రకంగా కాళ్ళ దాకా ఉండే తెల్లటి కాంజు అంగీ, పైన నల్ల కోటు వేసుకుని, బుట్టలు మోసుకుని, అమ్మాయి వాళ్ళ వాకిట్లో పందిరి కింద వరసగా కూర్చోవాలి. పెళ్ళికొడుకు ఎవరన్నది మేం చెప్పం. వాడు నోరు విప్పకూడదు, మాట్లాడ్డానికి వేరే పెద్దమనిషి ఉంటాడు. అమ్మాయి మేనత్త, సెంగా అంటాం, ఆవిడ వచ్చి ఇంతమందిలోంచి వాణ్ణి పట్టుకుని కోటుకి పువ్వు గుచ్చాలి. గుచ్చితేనే వాడు పెళ్ళికొడుకు.

నలుబేగా సెంగా పేరు నకిత్తో. ఏనుగంత మనిషి, గొంతు కూడా అంతే. జూకోని అంతకు ముందు రెండుసార్లే చూసింది, రెండుసార్లూ సందె చీకట్లో గేటు దగ్గర. "ఆ సోడాసీసాల అబ్బాయేగా, కళ్ళు మూసుకుని పట్టుకుంటా" అని ఊరంతా చెప్పుకుంది. ఈ మాట నా చెవిన పడ్డాక నేను చేతులు కట్టుకుని కూర్చోగలనా? నువ్వే చెప్పు!

సెంగా ఇంట్లోంచి బయల్దేరే లోపు నేను జూకో వైపు వంగి, భుజం మీద పురుగుందని చెప్పి, వాడు అటు తిరగ్గానే కళ్ళజోడు లాగేశా. ఎక్కడ దాచాలి? బుట్టలన్నీ వాళ్ళ ముందున్నాయి. కోటు జేబు కుట్టేసుంది. సరే అని నా ముక్కు మీదే పెట్టేసుకున్నా. పెట్టుకుని చూద్దును కదా, లోకమంతా ఎప్పట్లాగే ఉంది! మసకలేదు, తల తిరగలేదు, ఏం తేడా లేదు. వాడి పవర్‌కి మామూలు మనిషైతే వాంతి చేసుకోవాలి. గద్ద కళ్ళు అని నేనూరికే అన్నానా?

సెంగా వచ్చింది. వరసలో ఒక్కొక్కళ్ళ మొహం దగ్గరా ఆగింది. జూకో ముందు ఆగింది, పెదవి విరిచింది, ముందుకి కదిలింది. నా ముందు ఆగింది. నా కోటు కాలరు పట్టుకుంది. పువ్వు గుచ్చింది.

పందిరంతా హోరెత్తిపోయింది! వాళ్ళ పెద్దమనిషి లేచి, గొంతు సవరించుకుని, మా సెంగా ఎంపిక చేశాక ఈ గడప మీద మాట తిరగదు, ఈ యాభై ఎనిమిదేళ్ళ కుర్రాడికి మా పిల్లనిస్తాం, అబ్బాయి తరఫు నించి అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండన్నాడు. ఆడవాళ్ళ చాప మీద మా ఆవిడ నగ్గాయి కొత్త గొమేసి గౌను సర్దుకుంటూ లేచింది.

"అభ్యంతరం ఏం లేదు. కాకపోతే వెనక్కి తీసుకోం."

ఇక చూసుకో నవ్వులు. నేను మాత్రం ఛాతీ విరుచుకుని కూర్చున్నా. ఇరవై ఒక్క ఏళ్ళలో నేను చేసిన ఆటలన్నిటికీ ఇది కిరీటం! సెంగా నవ్వుతూ తప్పయిందని లెంపలేసుకుని, వెనక్కొచ్చి, ఇంకో పువ్వు తీసి ఈసారి తిన్నగా జూకో కోటుకి గుచ్చింది. పొరపాటు పడ్డావిడ అంత తిన్నగా ఎలా వెళ్ళిందని నువ్వడుగుతావు. నాకప్పుడు తట్టలేదు.

తప్పెట్లు మోగాయి. ఇంట్లోంచి పిల్లలు నడిచొస్తున్నారు, మధ్యలో నలుబేగా. అప్పుడు గుర్తొచ్చింది నాకు. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది! వాడు చూడాలన్నాడే. నేను దాచినా సరే చూడాలన్నాడే. కళ్ళజోడు పీకి, వంగి వాడి చేతిలో కుక్కబోయా. వాడు తీసుకోలేదు. వాడి మొహం చూశా. తల కొంచెం ఎత్తి, ఎక్కడా తడుముకోకుండా, ఆ అమ్మాయి నడుస్తున్న వైపే చూస్తున్నాడు. ఆమె ఎటు తిరిగితే వాడి కళ్ళు అటు తిరుగుతున్నాయి.

"నాకు కనిపిస్తోంది మావయ్యా" అన్నాడు, పెదవులు కదపకుండా. "తనకి చెవి కింద చిన్న పుట్టుమచ్చ ఉంటుంది, అది కూడా కనిపిస్తోంది. నీకు?"

నేను చూశా. కళ్ళజోడుతో చూశా, తీసి చూశా. నీలం రంగు మసక ఒకటి మెల్లగా ముందుకొస్తోంది. దాని చుట్టూ పసుపు రంగు మసకలు నాలుగు.

"ఆ... పిల్ల బావుంది" అన్నా.

భోజనాల దగ్గర నేను పువ్వు తియ్యలేదు. విజయ చిహ్నం కదా! సెంగాని ఎలా బోల్తా కొట్టించానో పందిరి పందిరంతా తిరిగి చెప్పా. పువ్వుకి ఓ అట్టముక్క కట్టుంది, దాని మీద ఏదో రాసుంది. మర్యాదకి ఏదో రాసుంటారులే అని పట్టించుకోలేదు. జనం కూడా ఎంత మంచివాళ్ళు! ఒక్కొక్కళ్ళే దగ్గరికి రావడం, నా ఛాతీ వంక వంగి చూడ్డం, పడీ పడీ నవ్వడం. పాపం సెంగాని చూసి ఇంతలా నవ్వుతున్నారే, ఆవిడ మనసు నొచ్చుకుంటుందేమోనని నాకే బాధేసింది. ఓ ముసలాయన నవ్వలేక నా భుజం పట్టుకుని, "తప్పకుండా వెళ్ళు నాయనా" అన్నాడు. ఎక్కడికని అడిగే లోపే వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక కోటు విప్పుతుంటే నగ్గాయి ఆ అట్టముక్క పట్టుకుని గట్టిగా చదివింది. మొత్తం రెండు ముక్కలే, బొటనవేలంత పెద్ద అక్షరాల్లో.

"కవూకి మావయ్యకి మంగళవారం పది గంటలకి కంటి పరీక్ష. దారి కనబడకపోతే అడిగి తెలుసుకోగలడు."

కవూకి అంటే నేనే. జూకో చేతిరాత అది. నలుబేగా సెంగాకి చెప్పింది, సెంగా గుచ్చింది, మా ఆవిడకి వారం ముందే తెలుసు. వాడు కంపాలాలో నేర్చుకున్న టీకాల శిక్షణ లేజర్ బల్ల మీద జరిగిందట. ఆ కొత్త రకం అద్దాల్లో పవరే లేదు, వొట్టి గాజు! మరి ఎందుకురా పెట్టుకు తిరిగావు అంటే వాడు నవ్వుతూ చెప్పాడు.

"నువ్వు దాచుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా మావయ్యా."

మంగళవారం వెళ్ళా. ఏం చెయ్యను, ఊళ్ళో సగం మంది ఆ అట్ట చదివేశారు, దారిలో ప్రతివాడూ కంపాలా బస్సు ఎటో చూపించాడు. అదే డాక్టరమ్మ, అదే బోర్డు. పై వరసలో ఒక్కటే అక్షరం ఉందట, గుమ్మమంత. నేను దాన్ని కుర్చీ బొమ్మ అన్నా. నాకు రెండంతస్తుల అద్దాలు రాశారు, పై అంతస్తులోంచి దూరం, కింది అంతస్తులోంచి దగ్గర. పెట్టుకుని బయటికొస్తే మా ఆవిడ నన్ను చూసి నవ్వుతోంది. ఆవిడకి బుగ్గ మీద సొట్ట పడుతుందన్న సంగతి పదేళ్ళుగా మర్చేపోయా. ఆ ఆదివారం చర్చిలో ఫాదర్ పుస్తకం ఇస్తే లేచి పేజీన్నర చదివా. చాలని ఆయనే లాక్కున్నాడు.

కాబట్టి బాబూ, మొదట చెప్పిందే చివర్నా చెబుతున్నా. కళ్ళజోడంత గొప్ప వరం లేదు. నా మాట మీద నేను నిలబడే మనిషిని.

కాకపోతే చిన్న ఇబ్బంది. ఫోన్‌లో ఈ నాలుగు ముక్కలూ ఒక్కో అక్షరం ఇటికంత పెట్టుకుని, పొద్దున్నించీ తడుముకుంటూ కొడుతున్నా. తప్పులుంటే మన్నించు. ఆ వరం నిద్ర లేచినప్పట్నించీ కనబడ్డంలేదు. ఉప్పు డబ్బాలో చూశా. అరటిగెలలో చూశా. కోడిని లేపి మరీ చూశా, రెండుసార్లు పొడిచింది.

జూకో మా వరండాలో, నా కుర్చీలోనే కూర్చుని, వేరుశనక్కాయలు వొలుచుకుంటున్నాడు. అడిగితే తలెత్తకుండా చెబుతున్నాడు.

"గాలికి పోయుంటాయి మావయ్యా."